కొరికే బలాన్ని కొలిస్తే ఏం తెలుస్తుంది?

దంతవైద్యంలో కొలవనిది దాదాపు ఏదీ లేదు. చిగురుకూ పంటికీ మధ్య ఏర్పడిన సందు లోతును మిల్లీమీటర్లలో కొలుస్తాం, రూట్ కెనాల్ చేసేటప్పుడు వేరు పొడవును ఎలక్ట్రానిక్ పరికరంతో చూసుకుంటాం, క్రౌన్ (పంటి మీద వేసే తొడుగు) అంచుకూ పంటికీ మధ్య మిగిలే ఖాళీ గురించి మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, వాదించుకుంటాం. అయితే ఆ క్రౌన్, ఆ ఫిల్లింగ్, ఆ ఇంప్లాంటు (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) రోజూ తట్టుకోవలసిన బలం ఎంత అన్నది మాత్రం చాలా క్లినిక్కుల్లో ఎవరూ కొలవరు. దవడ కండరాన్ని వేళ్లతో తడిమి, పళ్లు ఎంత అరిగాయో చూసి, అంతకుముందు ఏవి విరిగాయో అడిగి, ఒక అంచనాకు వస్తారు. కట్టుడు పళ్లు, క్రౌన్లు, ఇంప్లాంట్ల పని చేసే దంతవైద్యుణ్ణి కాబట్టి ఈ అంచనాల మీద నేను కూడా చాలాకాలంగా ఆధారపడుతూనే ఉన్నాను. అలా కొలవకుండా వదిలేయడాన్ని అలసత్వమని తేలిగ్గా తీసిపారేయలేం. కొలిచిన అంకె దేని గురించి చెబుతోందో తెలియకపోతే అది వైద్యుణ్ణి తప్పుదారి పట్టించగలదు. నాకు అర్థమైనంతవరకు ఆ అంకె కండరం సత్తా గురించి చెప్పేది కొంతే. బరువు మోసే పళ్లు, చిగుళ్లు, ఎముక, దవడ కీలు, వాటన్నిటినీ కనిపెట్టుకుని ఉండే నరాలు కలిసి ఎంతవరకు ఒప్పుకున్నాయన్నదే అందులో ఎక్కువగా ఉంటుంది.

ముందుగా బలం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. దవడను పైకి బిగించే కండరాలు ప్రధానంగా మూడు జతలు: చెంప వెనుక భాగంలో ఉండే మాసెటర్, కణత మీద విసనకర్రలా పరుచుకున్న టెంపొరాలిస్, కింది దవడ లోపలివైపు ఉండే మీడియల్ టెరిగాయిడ్. పళ్లు గట్టిగా బిగించి చెంప మీద వేలు పెట్టుకుంటే గట్టిపడేది మాసెటరే. కింది దవడ చెవి ముందున్న కీలు ఆధారంగా తిరుగుతుంది. ఆ కీలుకు దగ్గరగా ఉన్న పంటి మీద ఎక్కువ బలం, దూరంగా ఉన్న పంటి మీద తక్కువ బలం పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు ఒకవైపు దవడ పళ్ల మధ్య శక్తికొద్దీ కొరికినప్పుడు సాధారణంగా 300 నుంచి 800 న్యూటన్ల దాకా నమోదవుతుంది; అదే మనిషి ముందు పళ్లతో కొరికితే 100 నుంచి 200 న్యూటన్ల ప్రాంతంలోనే ఆగిపోవచ్చు. ఒక కిలో బరువు సుమారు 9.8 న్యూటన్లకు సమానం కాబట్టి, దవడ పళ్ల మధ్య 500 న్యూటన్లంటే 50 కిలోలకు పైమాటే. ఇది గరిష్ఠ బలం. మామూలుగా ఆహారం నమిలేటప్పుడు ఇందులో కొంత భాగమే ఖర్చవుతుంది. మిగిలింది మనిషి వాడకుండా దాచుకున్న నిల్వ.

దీన్ని కొలవాలన్న ఆలోచన చాలా పాతది. ఇటలీకి చెందిన జొవాన్నీ అల్ఫోన్సో బొరెల్లి జంతువుల కదలికల మీద రాసిన గ్రంథం ఆయన మరణానంతరం 1680-81లో వెలువడింది. కింది దవడ పళ్ల మీదుగా తాడు వేసి, దానికి బరువులు వేలాడదీసి, దవడ ఎంత బరువును పైకి లేపగలదో చూసిన ప్రయోగం అందులో ఉంది. రెండు శతాబ్దాల తర్వాత, ఆధునిక దంతవైద్యానికి పునాది వేసినవారిలో ఒకరైన అమెరికన్ వైద్యుడు జి. వి. బ్లాక్ ఇందుకోసం ఒక స్ప్రింగు పరికరాన్ని తయారుచేసి ఎంతోమందిని పరీక్షించాడు. ఆయన చెప్పిన సగటు 171 పౌండ్లు, అంటే 77 కిలోల చిల్లర. నేటి సెన్సర్లు చూపే అంకెలతో అది బాగానే పొసగుతుంది. పరికరం మారినంతగా మనిషి మారలేదు.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది స్ట్రెయిన్ గేజ్ పరికరం. చూడటానికి రెండు పలుచని లోహపు పలకలు ఒక చివర కలిసిన చిన్న పట్టకారులా ఉంటుంది. పళ్ల మధ్య పెట్టి కొరికినప్పుడు పలకలు కంటికి కనిపించనంతగా వంగుతాయి. వాటికి అంటించిన సన్నని తీగ సాగి, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పు తెర మీద న్యూటన్లుగా కనిపిస్తుంది. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, పలకల మీద మెత్తని తొడుగు వేసి, మొదటి దవడ పన్ను మీద అమర్చి, "ఇప్పుడు గట్టిగా కొరకండి" అంటాం. మొదటిసారి దాదాపు ఎవరూ గట్టిగా కొరకరు. కళ్లు చిట్లించి, మెడ బిగించి, చేతులతో కుర్చీని పట్టుకుని, లోహం మీద పన్ను విరిగిపోతుందేమోనన్న అనుమానంతో మధ్యలోనే వదిలేస్తారు. తెర మీద గీత లేచి, ఒక చోట తడబడి, కిందికి జారిపోతుంది. కొంచెం విశ్రాంతి ఇచ్చి, ఏమీ కాదని చెప్పి, రెండోసారి, మూడోసారి కొరికిస్తే అంకె పెరుగుతుంది. మొదటి ప్రయత్నంలో 250 దగ్గర ఆగిన మనిషి మూడో ప్రయత్నంలో 400 దాటినా ఆశ్చర్యపడనక్కర్లేదు. ఆ రెండు నిమిషాల్లో కండరం పెరగలేదు; భయం తగ్గింది. అందుకే పద్ధతి తెలిసినవారెవరూ ఒక్కసారి కొరికించి రాసుకోరు.

భయం ఒక్కటే కాదు, నోరు ఎంత తెరిచి ఉందన్నది కూడా అంకెను మారుస్తుంది. ప్రతి కండరానికీ తన బలం పూర్తిగా చూపగలిగే పొడవు ఒకటి ఉంటుంది. మరీ ముడుచుకున్నా, మరీ సాగినా పట్టు తగ్గుతుంది. దవడ కండరాల విషయంలో ముందు పళ్ల మధ్య సుమారు 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఎడం ఉన్నప్పుడు బలం ఎక్కువగా వస్తుందని ప్రయోగాలు చెబుతున్నాయి. కీలు దగ్గర కొద్దిగా తెరుచుకున్నా ముందువైపు ఎడం బాగా పెరుగుతుంది, కత్తెరలో లాగానే. కాబట్టి దవడ పళ్ల మధ్య మందపాటి పలక పెడితే ఒక అంకె, పలుచని పలక పెడితే మరొక అంకె వస్తాయి. ఒకవైపే కొరికితే ఒకటి, రెండువైపులా ఆధారం ఇచ్చి కొరికిస్తే ఇంకొకటి. ఒక పరిశోధనలో వచ్చిన సగటును పట్టుకుని, వేరే పరికరంతో కొలిచిన తన రోగికి బలం తక్కువుందని తేల్చేసే వైద్యులను చూస్తే నాకు చిరాకు వేస్తుంది.

ఇంకొక రకం కొలత ఒత్తిడికి రంగు మారే పలుచని ఫిల్ముతో చేసేది. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే కాబట్టి పళ్లన్నీ దాదాపు సహజంగా కలిసే స్థితిలోనే కొరకవచ్చు. ఫిల్ములోని సూక్ష్మమైన గుళికలు ఒత్తిడికి పగిలి ఎర్రటి చుక్కలు ఏర్పడతాయి. ఆ చుక్కల వైశాల్యాన్ని, గాఢతను స్కానరు చదివి మొత్తం నోటి బలాన్ని లెక్కగడుతుంది. 1980ల చివర్లో వచ్చిన టీ-స్కాన్ వంటి కంప్యూటర్ పద్ధతి మరో దారి పట్టింది. ఏ పన్ను ముందు తగిలింది, ఏ వైపు భారం ఎక్కువ పడింది, క్షణక్షణానికి అది ఎలా మారింది అన్నది రంగురంగుల బొమ్మగా చూపుతుంది. ఆ బొమ్మ చూసి రోగులు ముచ్చటపడతారు, కొందరు వైద్యులు కూడా. అయితే అది చూపేది మొత్తంలో ఏ పంటికి ఎంత వాటా అన్న నిష్పత్తిని. మొత్తం ఎన్ని న్యూటన్లో చెప్పడం దాని పని కాదు. పళ్ల మధ్య పెట్టి కొరికించడానికి రోజూ మేమంతా వాడే రంగు కాగితం ఇంకా వెనుకబడిన సాధనం. పంటి మీద పడిన పెద్ద మచ్చ పెద్ద బలానికి గుర్తని అనుకోవడం పరిపాటి, కానీ మచ్చ పరిమాణానికీ బలానికీ నమ్మదగిన సంబంధం లేదని పరీక్షల్లో తేలింది. చిన్న చుక్క దగ్గరే ఎక్కువ బలం కేంద్రీకృతమై ఉండవచ్చు.

ఇక్కడ ఒక పక్కదారి మాట. మొసలి, సొరచేప, మనిషి కాట్లను పోల్చే జాబితాలు ఇంటర్నెట్లో విరివిగా తిరుగుతుంటాయి, వాటిలో చాలావరకు చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లన్న లెక్కలో ఉంటాయి. అది పీడనానికి కొలమానం, బలానికి కాదు. ఉప్పునీటి మొసలి దవడల మధ్య 16,414 న్యూటన్లు నమోదైనట్టు 2012లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది; ఆ అంకెను మనిషి బలంతో పోల్చవచ్చు. పీడనం మాత్రం కొన ఎంత సన్నగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మనిషి నోట్లోనే 400 న్యూటన్లు ఒక చదరపు మిల్లీమీటరు మీద పడితే అది 400 మెగాపాస్కల్స్. అదే బలం పది చదరపు మిల్లీమీటర్లకు పరుచుకుంటే 40. క్రౌన్లకు వాడే పదార్థాల్లో పాతకాలపు ఫెల్డ్‌స్పార్ పింగాణీ వంపును తట్టుకునే శక్తి 100 మెగాపాస్కల్స్ అటూఇటుగా, లిథియం డైసిలికేట్‌ది 400 ప్రాంతంలో, జిర్కోనియాలో గట్టి రకానిది 1000 ప్రాంతంలో ఉంటుంది. పంటి మీది పీడనాన్ని, వంపును తట్టుకునే శక్తిని నేరుగా పక్కపక్కన పెట్టి పోల్చకూడదు గానీ, క్రౌన్ ఆకారాన్ని, తగిలే చోట్లను సరిచేయడానికి అంతసేపు ఎందుకు పడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కండరం నిజంగా ఎంతవరకు వెళ్లగలదో తెలిపే ఉదాహరణ ఒకటి 1986లో నమోదైంది. అమెరికాలోని ఫ్లోరిడాలో పరిశోధకులు పరీక్షించిన ఒక వ్యక్తి 975 పౌండ్ల బలంతో, అంటే సుమారు 4,337 న్యూటన్లతో, రెండు సెకన్లపాటు కొరికాడు. పళ్లు బిగించే, నూరే అలవాటున్న కొందరిలో కొరికే బలం మామూలువారి కంటే ఆరు రెట్ల వరకు ఉండవచ్చని ఆ పరిశోధకులు తేల్చారు. సాధారణ మనుషులు అందులో ఆరో వంతు, ఎనిమిదో వంతు దగ్గర ఆగిపోతున్నారంటే కండరాల పరిమాణంలో తేడా ఒక్కటే దాన్ని వివరించలేదు. నిద్రలో జరిగేది దీనికి ఇంకా బలమైన సాక్ష్యం. నిద్రలో పళ్లు నూరేవారి నోట్లో సెన్సర్లున్న పలకలు అమర్చి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కొందరు మెలకువలో శక్తికొద్దీ కొరికిన దాని కంటే ఎక్కువ బలాన్ని నిద్రలో చూపారు. మెలకువలో ఉన్నప్పుడు చాలు ఆపమని చెప్పే ఏర్పాటు నిద్రలో సడలిపోతుంది. ఉదయం క్లినిక్కులో కొలిచిన అంకెను చూసి క్రౌన్ పదార్థాన్ని ఎంచుకుంటే, రాత్రి రెండింటికి దాని మీద పడే బరువు లెక్కలోకి రాలేదన్నమాట. అందుకే పళ్లు నూరే అలవాటు ఉన్నవారి విషయంలో నేను పరికరాన్ని పక్కనపెట్టి అరుగుదల చూస్తాను. కోరపళ్ల కొనలు అద్దంలా చదునై మెరుస్తుంటే ఆ మెరుపు నాకు న్యూటన్ల కంటే ఎక్కువ చెబుతుంది. రాత్రి పళ్ల మీద పెట్టుకునే గట్టి అక్రిలిక్ తొడుగు (నైట్ గార్డు) ఇవ్వాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఆపమని చెప్పే ఆ ఏర్పాటులో ముఖ్య భాగం పంటి వేరు చుట్టూ ఉండే పీచు పొరలో ఉంది. పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. ఈ పొర మీద వేలాడుతూ, కొరికినప్పుడు 25 నుంచి 100 మైక్రాన్ల వరకు కిందికి దిగుతుంది. పొరలోని నరాల చివర్లు అతి చిన్న బలాలకే స్పందిస్తాయి. ముందు పళ్ల దగ్గర ఒక న్యూటను లోపు, దవడ పళ్ల దగ్గర నాలుగు న్యూటన్ల లోపు బలాల వద్దే వాటి గ్రహణశక్తి చురుగ్గా ఉంటుంది; ఆపై బలం పెరుగుతున్నా అవి చెప్పే సమాచారం పెద్దగా పెరగదు. అంటే పన్ను బరువును తూచడం కోసం కాక, పళ్ల మధ్యకు ఏదో వచ్చిందన్న సంగతిని ముందుగా పసిగట్టడం కోసం సిద్ధమై ఉంది.

ఇంప్లాంటుకు ఈ పొర లేదు. టైటానియం ఎముకకు నేరుగా అతుక్కుపోతుంది కాబట్టి అదే బరువుకు 3 నుంచి 5 మైక్రాన్లు మాత్రమే కదులుతుంది. పక్కపక్కన ఉన్న సహజమైన పన్ను, ఇంప్లాంటు ఒకే ఎత్తులో ఉన్నాయనుకుందాం. గట్టిగా కొరికినప్పుడు పన్ను దిగుతుంది, ఇంప్లాంటు దిగదు, భారమంతా దాని మీదికి వచ్చి పడుతుంది. దీన్ని సరిచూసుకోవడానికి 8 మైక్రాన్ల మందమున్న పలుచని రేకు వాడతాం. రేకును ఇంప్లాంటు క్రౌన్ మీద పెట్టి, "మెల్లగా కలపండి" అన్నప్పుడు లాగితే అది జారి బయటికి రావాలి. "గట్టిగా కొరకండి" అన్నప్పుడు మాత్రమే చిక్కుకోవాలి. ఎదురు పళ్ల మధ్య సందు ఎంత ఉంచాలన్నది ఇలా రేకు లాగి చేతికి తెలిసేదాన్నిబట్టి నిర్ణయిస్తాం. పెద్ద బలాన్ని అదుపులో పెట్టే పనికి ఇంత సున్నితమైన రేకు మీద ఆధారపడటం కొత్తవారికి వింతగా అనిపించినా, ఈ అడుగు తొందరగా ముగించే వైద్యుల ఇంప్లాంట్లలోనే స్క్రూలు వదులవడం, పింగాణీ పెచ్చులూడటం ఎక్కువగా కనిపిస్తుందని నా అనుభవం.

పూర్తి కట్టుడు పళ్లు పెట్టుకున్నవారిలో కథ వేరు. వారి గరిష్ఠ బలం సొంత పళ్లున్నవారితో పోలిస్తే నాలుగో వంతు, ఐదో వంతు మాత్రమే ఉంటుంది. సెట్టు కింద ఉన్నది పలుచని చిగురు చర్మం, దాని కింద రోజురోజుకూ అరిగిపోయే ఎముక. నొప్పి పుట్టగానే మెదడు కండరాలకు కళ్లెం వేస్తుంది. 2002లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్లన్నీ పోయిన కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టే మొదట ఇవ్వదగిన చికిత్స అని ప్రకటించారు. అలాంటి ఆధారం దొరికిన తర్వాత కొరికే బలం గణనీయంగా పెరుగుతుందని అనేక అధ్యయనాలు చూపాయి. సెట్టు కదలడం మానగానే, నొప్పి తగ్గగానే, ఉన్న కండరమే ముందుకు వస్తుంది. ఏళ్ల తరబడి పళ్లు లేకుండా ఉన్నవారిలో కండరం నిజంగానే పలచబడి ఉంటుంది కాబట్టి వారిలో ఈ మెరుగుదల నెమ్మదిగా ఉంటుంది. రోగి ఎంతో ఆశపడి మొదటి వారంలోనే పెద్ద మార్పు కోరుకున్నప్పుడు ఈ సంగతి చెప్పి సర్దిచెప్పాల్సి వస్తుంది.

పన్ను పగిలే సందర్భాల్లో బలం ఎంతన్నదాని కంటే, దాన్ని మోసేందుకు పంటిలో ఎంత మిగిలిందన్నది ముఖ్యం. రూట్ కెనాల్ చేసిన పన్ను ఎండిపోయి పెళుసుబారుతుందన్న మాట చాలామంది నోట వింటాం. 1989లో వెలువడిన ప్రయోగశాల అధ్యయనం ప్రకారం, రూట్ కెనాల్ కోసం పైన చేసే రంధ్రం వల్ల పంటి బిగువు సుమారు 5 శాతమే తగ్గింది. పంటి ముందు, వెనుక గట్లు రెండూ పోయేలా చేసిన పెద్ద ఫిల్లింగ్ కుహరం వల్ల 60 శాతానికి పైగా తగ్గింది. గట్లు కూలిన దవడ పంటికి క్రౌన్ వేయించుకోమని మేము పట్టుబట్టేది ఇందుకే. పగులు ఏర్పడిన పన్నును గుర్తించే పరీక్ష కూడా కొరికించేదే. చిన్న ప్లాస్టిక్ ముక్కను పంటి ఒక్కొక్క కొన మీద పెట్టి కొరికిస్తాం. చాలామందికి బిగించినప్పుడు కాక, వదిలిన క్షణాన సూది గుచ్చినట్టు నొప్పి వస్తుంది. విడిపోయిన అంచులు తిరిగి కలుసుకునేటప్పుడు లోపలి ద్రవం కదలడమే దానికి కారణమని భావిస్తారు. ఈ పరీక్షలో న్యూటన్ల ఊసే లేదు, అయినా రోగనిర్ధారణకు దీన్ని మించినది తక్కువ.

దవడ విరిగినవారి చికిత్సలో మాత్రం బలం కొలత నేరుగా పనికొచ్చింది. 1970లలో ఫ్రాన్స్‌లో మిషెలే, షాంపీ వంటి శస్త్రవైద్యులు విరిగిన కింది దవడను చిన్న ప్లేట్లతో బిగించే పద్ధతిని అభివృద్ధి చేశారు. అంత చిన్న ప్లేట్లు నమిలే బలాన్ని ఎలా ఆపుతాయన్న సందేహం అప్పట్లో సహజంగానే వచ్చింది. దవడ విరిగినవారిని తర్వాత కొలిచి చూస్తే, శస్త్రచికిత్స జరిగిన మొదటి వారాల్లో వారి కొరికే బలం ఆరోగ్యవంతుల కంటే బాగా తక్కువగా ఉండి, క్రమంగా కోలుకుంటుందని తేలింది. ఎముక అతుక్కునే లోపు శరీరమే బరువు తగ్గించుకుంటోంది. కాబట్టి ప్లేటు తట్టుకోవలసింది ఆరోగ్యవంతుడి గరిష్ఠ బలాన్ని కాదు.

ముఖాకృతితో ఉన్న సంబంధం గురించి కూడా ఒక మాట. ముఖం కింది భాగం పొడవుగా ఉన్న పెద్దవారిలో కొరికే బలం మామూలు ముఖమున్నవారిలో సగం దాకా మాత్రమే ఉంటుందని 1983లో వచ్చిన పరిశోధన చూపింది. అదే బృందం పిల్లల్లో చూసినప్పుడు అలాంటి తేడా కనిపించలేదు. బలం తక్కువ కావడం వల్లే ముఖం పొడవుగా పెరిగిందన్న వాదనకు ఇది పెద్ద చిక్కే.

జపాన్ ఈ కొలతను వైద్య విధానంలోకే తెచ్చింది. అక్కడి వృద్ధుల దంతవైద్య సంఘం 2016లో నోటి పనితీరు క్షీణతను ఒక ప్రత్యేక స్థితిగా నిర్వచిస్తూ ఏడు ప్రమాణాలు ప్రకటించింది. అందులో కొరికే బలం ఒకటి. ఒత్తిడి ఫిల్ముతో కొలిచినప్పుడు మొత్తం నోటి బలం 200 న్యూటన్ల లోపు ఉంటే, లేదా పళ్ల సంఖ్య 20 లోపు ఉంటే ఆ ప్రమాణంలో లోపం ఉన్నట్టు. ఏడింటిలో మూడు లోపిస్తే రోగనిర్ధారణ. 2018 నుంచి ఆ దేశపు ప్రజారోగ్య బీమా దీనికి వర్తిస్తోంది. నాకు నచ్చిన సంగతేమిటంటే, నాలుక ఒత్తిడి, నోటి తడి, మింగే శక్తి వంటివాటి పక్కన పెట్టి చూస్తేనే వారు బలానికి విలువ ఇచ్చారు. ఆ 200 అన్న హద్దు కూడా ఆ ఫిల్ముకు సంబంధించినదే; అదే రకంలో కొత్త ఫిల్ము వచ్చినప్పుడు హద్దును కూడా మార్చుకున్నారు.

నా దగ్గర ఈ కొలత ఎక్కువగా ఉపయోగపడేది ఒకే మనిషిని చికిత్సకు ముందు, తర్వాత పోల్చడానికి. రికార్డులో ఒక్క అంకె రాసి ఊరుకోను. ఏ పంటి మీద పెట్టాను, పలక మందం ఎంత, సెట్టు పెట్టుకుని కొరికారా తీసేసి కొరికారా, ఎక్కడైనా నొప్పి ఉందా, ఎన్నో ప్రయత్నంలో ఈ అంకె వచ్చింది అన్నవన్నీ దాని పక్కనే రాస్తాను. ఇంప్లాంట్లు పెట్టిన ఆరు నెలలకు మళ్లీ కొలిచేటప్పుడు అవన్నీ అంతకుముందు ఉన్నట్టే ఉండాలి. మధ్యలో పరికరం పాడై కొత్తది కొనాల్సి వస్తే, పాత అంకెల కింద గీత గీసి, ఆ రోగికి లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను.